లిజీ బోర్డెన్ కేసు మీద వచ్చిన నవల చదవచ్చా? హంతకులెవరో చివరికి తేలుతుందా?

తప్పకుండా చదవండి. మీరు అడుగుతున్నది సారా ష్మిట్ అనే ఆస్ట్రేలియా రచయిత్రి 2017లో తెచ్చిన 'సీ వాట్ ఐ హావ్ డన్' గురించే అనుకుంటున్నాను. 'చంపిందెవరో చివర్లో తేలకపోతే చదవడం దండగ కదా' అని కూడా రాశారు. నేను జవాబు రాయడానికి కూర్చున్నది ఆ మాట చూసే. చంపిందెవరన్న కుతూహలంతో మొదలుపెడితే సగంలోనే పక్కన పడేస్తారు. ఆ ఇంట్లో మనుషులు ఎలా బతికారో చూద్దామని మొదలుపెడితే మాత్రం వదల్లేరు.

కేసు తెలియనివాళ్లకు క్లుప్తంగా చెప్తాను. మసాచుసెట్స్‌లో ఫాల్ రివర్ అని బట్టల మిల్లుల ఊరు. 1892 ఆగస్టు 4 పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో అబ్బీ బోర్డెన్‌ని మేడ మీద అతిథుల గదిలో ఎవరో గొడ్డలితో నరికి చంపారు. పదకొండు గంటల వేళ ఆమె భర్త ఆండ్రూని కింద సోఫాలో పడుకుని ఉండగా అలాగే చంపారు. ఇంటి దగ్గర ఉన్నది ఇద్దరే. ఆండ్రూ మొదటి భార్యకి పుట్టిన 32 ఏళ్ల చిన్న కూతురు లిజీ, ఐర్లాండ్ నుంచి వచ్చి ఆ ఇంట్లో పని చేస్తున్న బ్రిజెట్ సలివన్. పెద్ద కూతురు ఎమ్మా వేరే ఊళ్లో స్నేహితుల దగ్గర ఉంది. ముందు రోజే చుట్టపుచూపుగా వచ్చిన మేనమామ జాన్ మోర్స్ పొద్దున్నే బయటికి వెళ్లాడు. మరుసటి ఏడాది జూన్‌లో విచారణ జరిగింది. పన్నెండు మంది మగవాళ్ల జ్యూరీ గంటన్నరలో లిజీ నిర్దోషి అని తేల్చేసింది. ఆ తర్వాత ఇంకెవరి మీదా కేసు నడవలేదు.

మేం ఉండేది బోస్టన్ దగ్గర. ఫాల్ రివర్ గంట ప్రయాణం. నవల చదివాక ఆ ఇల్లు చూడకుండా ఉండలేకపోయాను. అప్పుడు మా అమ్మ తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. "చచ్చినవాళ్ల ఇల్లు చూడ్డానికి డబ్బులిచ్చి వెళ్లడమేంటే" అని సణుగుతూనే చీర మీద స్వెట్టర్ వేసుకుని బయల్దేరింది. కారులో దారి పొడుగునా కథ చెప్పాను. ఇప్పుడా ఇల్లు మ్యూజియం. రాత్రి పడుకోడానికి గదులు కూడా అద్దెకిస్తారు, అబ్బీ చనిపోయిన గదితో సహా! ఆ గదిలో పడుకుని ఫోటోలు పెట్టుకునేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ఒక మనిషి తలను పద్దెనిమిది పందొమ్మిది సార్లు నరికిన చోటు అది.

లోపలికి అడుగుపెట్టగానే అమ్మ అన్న మొదటి మాట, "ఈ ఇంటికి నడవా లేదేమే?" నిజమే, లేదు. రెండు కుటుంబాలు ఉండటానికి కట్టిన ఇంటిని ఆండ్రూ కొని ఒకే ఇల్లు చేశాడు. ఒక గదిలోంచే ఇంకో గదిలోకి వెళ్లాలి. మేడ మీద లిజీ గదికీ తల్లిదండ్రుల గదికీ మధ్య ఒక తలుపు ఉంది, దానికి ఎప్పుడూ గడియే. అటువాళ్లు ఇటు రావాలంటే వెనక మెట్లు దిగి, ఇల్లంతా దాటి, ముందు మెట్లెక్కి రావాలి. ఒక గోడకి అటూ ఇటూ పడుకునే మనుషులు! మేడ మీద కుళాయి కూడా లేదని గైడ్ చెప్తే అమ్మకి కోపం వచ్చింది. "అంత ఉన్నవాడు పెళ్లికెదిగిన ఆడపిల్లలకి పైకి నీళ్లు పెట్టించలేడా" అంది. ఆండ్రూ ఆస్తి దాదాపు మూడు లక్షల డాలర్లు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద డబ్బు.

ఆ ముందు మెట్ల మీదే అసలు సంగతి జరిగింది. ఇరుకు మెట్లు, పైకి వెళ్తూ ఒంపు తిరుగుతాయి. అమ్మకి మోకాళ్ల నొప్పులు. కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కుతోంది. తల పై అంతస్తు నేల మట్టానికి వచ్చేసరికి ఠక్కున ఆగిపోయింది. "ఇక్కణ్ణుంచి మంచం కింద అంతా కనబడుతోందే" అంది. నేనూ ఆ మెట్టు మీద నిలబడి చూశాను. ఎదురుగా అతిథుల గది తలుపు తెరిచి ఉంది. మంచం కింద నుంచి అవతలి పక్క నేల తేటగా కనిపిస్తోంది. అబ్బీ పడి ఉన్నది సరిగ్గా అక్కడే. ఆ రోజు పక్కింటావిడ మెట్లెక్కుతూ శవాన్ని చూసింది కూడా ఇలాగే. పూర్తిగా పైకి వెళ్లాల్సిన పనే లేకపోయింది.

ఇప్పుడు బ్రిజెట్ కోర్టులో చెప్పిన మాట గుర్తు చేసుకోండి. ఆండ్రూ బయటి నుంచి వచ్చినప్పుడు వీధి తలుపు గడియ బిగుసుకుపోయి రాలేదు. బ్రిజెట్ విసుక్కుంది. ఆ విసుగు విని మేడ మీద నుంచి లిజీ నవ్విందట. అప్పటికి అబ్బీ చనిపోయి గంట పైనే అయింది. లిజీ పైనున్నా, మెట్లు దిగుతున్నా, ఆ గది తలుపు ఆమె ముందే ఉంది. తర్వాత తండ్రి 'అమ్మ ఏది' అంటే, ఎవరికో ఒంట్లో బాగాలేదని చీటీ వస్తే చూడ్డానికి వెళ్లిందని చెప్పింది. ఆ చీటీ ఎంత వెతికినా దొరకలేదు. ఆ మెట్టు మీద నిలబడ్డాక నాకు అనుమానమే లేదు. చంపింది లిజీయే. మందుల షాపులో ముందు రోజే విషం అడిగిందని గుమాస్తా చెప్పబోతే కోర్టు ఆ సాక్ష్యాన్ని తీసుకోలేదు. హత్యలైన మూడో రోజున పొయ్యిలో గౌను తగలబెట్టడం స్నేహితురాలు కళ్లారా చూసింది. పెయింట్ అంటుకుందని తగలబెట్టానంది లిజీ. ఆవిడ బట్టల మీద నెత్తురు లేదు, ఆయుధం ఇదేనని తేలలేదు, పైగా చర్చికి వెళ్లే మర్యాదస్తుల ఇంటి పిల్ల. జ్యూరీకి అది చాలింది. నాకు చాలదు.

ఇక ఎందుకు చంపిందనే దానికి వస్తాను. ఈ కథ వినగానే మనవాళ్లంతా 'సవతి తల్లి ఎంత రాచిరంపాన పెట్టిందో' అంటారు. నాకు తెలిసినవాళ్లలో అలా అననిది మా అమ్మ ఒక్కతే. ఆవిడ అడిగింది వేరే ప్రశ్న: "ఇల్లు ఎవరి పేర రాశాడు?" ఎలా పట్టుకుందో మరి! మా ఇంట్లోనూ ఒక స్థలం దగ్గర మాటా మాటా పెరిగి అమ్మా పెద్దమ్మా ఏళ్ల తరబడి ఒకరి గడప ఒకరు తొక్కలేదు. అందుకే పట్టుకుందనుకుంటాను. బోర్డెన్ ఇంట్లో జరిగిందీ అదే. 1887లో ఆండ్రూ ఒక ఇంట్లో సగం కొని, అందులో ఉంటున్న అబ్బీ చెల్లెలి కోసమని భార్యకిచ్చాడు. కూతుళ్లు భగ్గుమన్నారు. వాళ్లని చల్లబరచడానికి తాత ఇల్లు వాళ్ల పేర పెట్టాడు. అయినా విరిగిన మనసు అతకలేదు. ఐదేళ్ల వయసు నుంచి తనని పెంచిన మనిషిని అమ్మా అనడం మానేసి 'మిసెస్ బోర్డెన్' అనడం మొదలుపెట్టింది లిజీ. హత్యల రోజున పోలీసాయన 'మీ అమ్మ' అంటే, ఆవిడ మా అమ్మ కాదు, సవతి తల్లి అని దిద్దింది. తండ్రి శవం కింద గదిలో ఉండగానే!

ఇంకొకటి చూడండి. ఆండ్రూ వీలునామా దొరకలేదు. ముందు ఆయన పోయి తర్వాత అబ్బీ పోయి ఉంటే, ఆయన ఆస్తిలో అబ్బీకి వాటా, ఆమె నుంచి ఆమె తరఫు వాళ్లకి. ముందు అబ్బీ పోయింది. ఆస్తంతా కూతుళ్లది. విడుదలయ్యాక అక్కచెల్లెళ్లు ఊళ్లో ధనవంతులుండే గుట్ట మీద పెద్ద ఇల్లు కొనుక్కున్నారు. మా అమ్మ ఇది విని తల ఊపి ఊరుకుంది.

నవల గొప్పదనం ఇక్కడే ఉంది. ఈ లెక్కలేవీ లెక్కల్లా చెప్పదు. లిజీ, ఎమ్మా, బ్రిజెట్, బెంజమిన్ అనే ఒక పరాయివాడు, నలుగురూ వంతులవారీగా చెప్తారు. వాసనలతో నిండిన పుస్తకం. పొయ్యి మీద రోజుల తరబడి మళ్లీ మళ్లీ కాగే మటన్ చారు, పియర్ పళ్లు, వాంతులు, నెత్తురు. ఇది రచయిత్రి కల్పన అనుకునేరు. హత్యలకి ముందు ఆ ఇంట్లో వాళ్లంతా నిజంగానే వాంతులతో పడ్డారు. తమకెవరో విషం పెట్టారని భయపడి అబ్బీ ఎదురింటి డాక్టర్ దగ్గరికి వెళ్లింది కూడా. 'కథ కదలదు, కడుపులో తిప్పుతుంది' అని విసుక్కునేవాళ్ల మాట పట్టించుకోకండి. ఆ ఇంట్లో కథ కదలకపోవడమే విషయం. పెళ్లి కాని ఇద్దరు కూతుళ్లు, ఒకరికి ముప్ఫై రెండు, ఇంకొకరికి నలభై దాటాయి, తండ్రి చేతి డబ్బు కోసం చూస్తూ గడియ పెట్టిన తలుపుల మధ్య కూర్చున్నారు.

నాకు నచ్చనిది బెంజమిన్ పాత్ర. రికార్డులో లేని మనిషి. మేనమామ డబ్బులిస్తానని పిలుచుకొచ్చిన రౌడీ. నలుగురు మనుషుల మధ్య పేరుకున్న విషం చాలనప్పుడు కదా బయటివాడు కావాల్సింది. ఇక్కడ చాలలేదా? అతని అధ్యాయాలు నేను గబగబా తిప్పేశాను, మీరూ తిప్పేయచ్చు.

పనిలో పనిగా, ఈ కేసు మీద అమెరికాలో పిల్లలు పాడుకునే పాట గురించి కూడా. తల్లికి నలభై దెబ్బలు, తండ్రికి నలభై ఒకటి అని పాడతారు. అబ్బీకి తగిలినవి పద్దెనిమిదో పందొమ్మిదో, ఆండ్రూకి పదో పదకొండో. యూట్యూబ్‌లో ఈ కేసు మీద వీడియో చేసే ప్రతివాడూ ఆ పాటతో మొదలుపెట్టి దెయ్యాలతో ముగిస్తాడు. మన తెలుగు ఛానెళ్లూ అదే దారి. ఆస్తి పంపకాల సంగతి ఒక్కరూ ఎత్తరు.

నిజానికి నవలంతా నాకు బ్రిజెట్‌ది. ఆ అక్కచెల్లెళ్లు ఆమెను మ్యాగీ అని పిలిచేవారు. అది అంతకుముందు పనిచేసిన అమ్మాయి పేరు. ఆ రోజు పొద్దున ఆమెకి ఒంట్లో బాగాలేదు, పెరట్లోకి వెళ్లి వాంతి చేసుకుంది. వచ్చాక అబ్బీ కిటికీలన్నీ బయటా లోపలా కడగమంది. అవన్నీ కడిగి అటక మీద తన గదికి వెళ్లి నడుం వాల్చిందో లేదో, కింద నుంచి లిజీ కేక: మ్యాగీ, రా, నాన్నని ఎవరో చంపేశారు. వెనక మెట్లన్నీ ఎక్కి ఆ అటక గది చూశాం. ఏటవాలు కప్పు, చిన్న మంచం. అమ్మ అక్కడ ఆయాసం తీర్చుకుంటూ గైడ్‌ని అడగమంది, "ఆ పిల్లకి రావాల్సిన జీతం ఎవరన్నా ఇచ్చారా?" అడిగాను. ఆయన నవ్వి, ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ వేయలేదన్నాడు.

కేసు అయ్యాక బ్రిజెట్ ఎక్కడో దూరాన మోంటానా చేరింది. అక్కడే పెళ్లి చేసుకుని 1948 దాకా బతికింది. లిజీ 1927లోనే పోయింది, ఎమ్మా ఆ తర్వాత తొమ్మిది రోజులకి. ఆ ఇంట్లో గొంతులన్నీ విన్న మనిషి, గడియ పెట్టిన తలుపులన్నీ తుడిచిన మనిషి, యాభై ఏళ్లకు పైగా ఆ సంగతులన్నీ మోసుకుని తిరిగింది. ఎంతో తెలుసామెకి, కోర్టులో చెప్పింది అందులో పిసరంతే అని నా నమ్మకం. ఆ మోంటానా ఏళ్ల మీద ఎవరైనా నవల రాస్తే, ముందే డబ్బు కట్టి మరీ కొనుక్కుంటాను. తెలుగులో రాస్తే అమ్మకి కూడా ఒక కాపీ.