వంటగట్టుకు తెల్ల మార్బల్ వేసేముందు ఓ ముక్క మీద పచ్చిపులుసు పోసి చూడుండ్రి

మహబూబ్‌నగర్‌ల ఇల్లు కడుతున్నం, వంటగట్టుకు తెల్ల మార్బల్ కావాలని మా ఇంటామె పట్టు పట్టింది, మేస్త్రేమో గ్రానైటే వేయుమంటున్నడు, ఏది మంచిది అని అడిగిన్రు కదా అన్నా. నేను నల్గొండల తెల్ల మార్బల్ గట్టు మీద ఐదేండ్లు వండిన, ఆ బాధ తెలిసి చెప్తున్న, మేస్త్రి మాట వినుండ్రి.

గృహప్రవేశం నాడు వచ్చినోళ్లంతా గట్టునే చూసిన్రు, అంత మంచిగుండె. వారం కూడ తిరగలే, పచ్చిపులుసుకని చింతపండు పిసికిన గిన్నె గట్టు మీద పెట్టి చుట్టాల హడావుడిల మర్చిపోయిన, పొద్దున చూస్తే గిన్నె అడుగు ఎంతుందో అంత గుండ్రంగ మచ్చ. సబ్బు పెట్టి రుద్దిన, సోడా పెట్టి రుద్దిన, పోలే. ఎట్ల పోతది, అది మరకే కాదు, అక్కడ రాయి పాలిష్ తినిపోయింది. మార్బల్ అంటే కాల్షియం కార్బొనేట్, సున్నపురాయి జాతే, పులుపు తగిలితే పైపొర కరుగుతది. మరి మన ఇండ్లల్ల పులుపు లేని పూట ఏదన్నా? చింతపండు, నిమ్మకాయ, టమాట, పుల్లటి మజ్జిగ, ఎండకాలమొస్తె మామిడికాయ తొక్కు.

సీలర్ కొడితే ఏం కాదు అని మాకు అమ్మినాయన గట్టిగ చెప్పిండు, మేం నమ్మినం. సీలర్ నూనె, పసుపు లోపలికి గుంజకుండ కొంచెం ఆపుతది అంతే, అది కూడ మళ్లమళ్ల కొట్టిస్తుండాలె. పులుపు రాయిని తినుడును మాత్రం ఆపది. ఈ తేడా ఎవ్వరూ చెప్పరు, అందుకే ఇంతగనం రాస్తున్న.

ఇంకోటి మన దిక్కు నీళ్లు. బోరు నీళ్లు వాడేటోళ్లకు నల్లా చుట్టు, సింకు అంచుకు తెల్లగ పొర గడతది కదా, గ్రానైట్ అయితే నిమ్మచెక్కతోని రుద్ది కడిగేస్తం, మార్బల్ మీద ఆ పని చేస్తే పొరతోటి పాలిష్ కూడ పోతది. ఇగ బాత్రూం యాసిడ్ అయితే దగ్గరికి కూడ రానియ్యొద్దు. మార్బల్ మెత్తది కూడ, రాళ్ల గట్టిదనం 1 నుంచి 10 దాక కొలిచే మోస్ కొలతల 3 దగ్గర ఉంటది, గ్రానైట్ 6, 7 ఉంటది, అందుకే మార్బల్ మీద స్టీల్ కత్తి జారినా గీత పడుతది. క్వార్ట్జ్ అని రాతిపొడి కలిపి ఫ్యాక్టరీల చేసే బండ పులుపుకు ఆగుతది గానీ దాంట్ల రెసిన్ అనే ప్లాస్టిక్ లాంటి జిగురు ఉంటది, పొయ్యి మీది కడాయి దించి సీదా పెడితే కమిలిపోతది.

గ్రానైట్ అయినా చూసి కొనుండ్రి. నల్లదాంట్ల రంగు వేసి అమ్మేటివి ఉంటయి, నెయిల్ పాలిష్ తుడిచే అసిటోన్ దూదికి అద్ది రుద్దుండ్రి, దూది నల్లగైతే ఆ బండ వద్దు. 18, 20 ఎంఎం మందం అడగుండ్రి, సింకు కోసిన కాడ అతుకు రాకుండ కొలిపించుండ్రి, ఆడనే నీళ్లు దిగుతయి.

మీ ఇంటామెకు తెల్లదే ఇష్టం అంటే ఆ ఇష్టాన్ని కొట్టేయకుండ్రి అన్నా, వండేది రోజూ ఆమెనే కదా. పూజ రూంల వేయించుండ్రి, లేకుంటె పొయ్యికి సింకుకు దూరంగ ఓ పక్క రెండు ఫీట్లు వేయించుండ్రి. పైసలు కట్టేముందు మాత్రం ఆ బండదే పాలిష్ ఉన్న ముక్క ఒకటి అడిగి తెచ్చుకోని, ఓ దిక్కు చింతపండు రసం, ఓ దిక్కు పసుపు కలిపిన నూనె చుక్క వేసి రాత్రంతా ఉంచి పొద్దున కడిగి ఎలుగుకు వాలుగ పట్టి ఇద్దరు కలిసి చూడుండ్రి. పసుపు మరక కొన్ని రోజులు ఎండల పెడితే చాలా వరకు పోతది, చింతపండు మచ్చ పోదు. ఆమె కండ్లతోని చూసినంక కూడ అదే కావాలంటే వేయించుండ్రి, అప్పుడు తెలిసి వేసుకున్నట్టు అయితది, మాలెక్క కాదు.