ఫిలాసఫీ, సైకాలజీ కలిపి పీహెచ్‌డీ చేయవచ్చా?

ఎం.ఏ. ఫిలాసఫీ పూర్తయింది, మనసుకు సంబంధించిన విషయాలంటే ఇష్టం, రెండూ కలిపి పీహెచ్‌డీ కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది. నేను అలాగే చేశాను, నిరుడే వైవా అయింది. కానీ ఇష్టం ఒక్కటే సరిపోదండీ, రెండు శాస్త్రాలూ ఉంటే తప్ప తెగని ప్రశ్న మీ చేతిలో ఉండాలి.

నా ప్రశ్న "కావాలని చేయడం" గురించి. జాషువా నోబ్ అనే అమెరికన్ తత్వవేత్త న్యూయార్క్‌లోని మాన్‌హాటన్ పార్కులో జనానికి ఒక కథ చెప్పాడు, ఫలితాలు 2003లో ప్రచురించాడు. ఓ కంపెనీ ఛైర్మన్ లాభం కోసం కొత్త పథకం మొదలుపెడతాడు. దానివల్ల పర్యావరణం పాడవుతుందని తెలుసు, అయినా పట్టించుకోడు. కావాలనే పాడుచేశాడా? 82 శాతం మంది అవునన్నారు. అదే కథలో 'పాడవుతుంది' బదులు 'బాగుపడుతుంది' అని పెడితే, కావాలనే బాగుచేశాడన్నవాళ్లు 23 శాతమే!

దీన్ని తెలుగులో అడగబోతే మొదటి వాక్యంలోనే చిక్కుపడ్డాను. 'ఉద్దేశపూర్వకంగా' అంటే మా ఊళ్లో ఎవరూ వాడరు. 'కావాలని' అంటే అందులో కోరిక ముందే ఉంది. 'తెలిసి' అంటే ప్రశ్నే మారిపోతుంది. మా పక్కింటి పెద్దమ్మకు కథ చెప్పి అడిగితే, "కావాలనేం కాదు నాయనా, తెలిసే చేశాడు. తెలిసి చేస్తే మటుకు తప్పు కాదూ?" అంది. ఆ రాత్రే ప్రశ్నాపత్రం మొత్తం తిరగరాశాను. తప్పు పట్టడానికి కోరిక ఉండాలా, తెలిసుంటే చాలా అన్నది ఫిలాసఫీ తేల్చాలి. జనం నిజంగా ఎలా తీర్పు చెబుతారో సైకాలజీ చూడాలి. మాట తప్పుగా ఎంచుకుంటే ఎంత మందిని అడిగినా దండగే.

అంత స్పష్టత నాకు మొదట్లో లేదు. తొలి సినాప్సిస్, అంటే పరిశోధన ప్రతిపాదన చూసి ఫిలాసఫీ వాళ్లు "ఇది సర్వే కదా" అన్నారు, సైకాలజీ వాళ్లు "వేరియబుల్స్ (మార్చి, కొలిచి చూసే అంశాలు) ఏవి?" అన్నారు. చాలా బాధపడ్డాను. ఇప్పుడు చూస్తే ఇద్దరిదీ న్యాయమైన అభ్యంతరమే.

ఈ దారి మనవాళ్లకు కొత్తదేం కాదు. కె. రామకృష్ణారావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫిలాసఫీ చదివి, తర్వాత అక్కడే సైకాలజీ, పారాసైకాలజీ (అతీంద్రియ అనుభవాలను పరిశీలించే విద్య) శాఖను స్థాపించారు. ఆపైన భారతీయ తత్వశాస్త్ర పరిశోధన మండలికి ఛైర్మన్ కూడా అయ్యారు.

ఇక పనిలోకి వస్తే, పట్టా ఏదో ఒక శాఖ నుంచే వస్తుంది. యూజీసీ నెట్ అర్హత పరీక్షలో రెండూ వేర్వేరు సబ్జెక్టులు, మీరు ఫిలాసఫీలోనే రాయండి. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధకులకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, డబ్బు టెన్షన్ చాలావరకు తీరుతుంది. ఐఐటీ బాంబే, ఢిల్లీల్లో ఫిలాసఫీ, సైకాలజీ అధ్యాపకులు ఒకే హ్యుమానిటీస్ విభాగంలో ఉంటారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఫిలాసఫీ శాఖా, మనసు, మెదడు పనితీరును చదివే కాగ్నిటివ్ సైన్స్ కేంద్రమూ ఒకే క్యాంపస్‌లో ఉన్నాయి. గైడ్ ఫిలాసఫీ ఆయనైతే, కో-గైడ్‌గా సైకాలజీ వారిని మొదటి ఏడాదే అడగండి. స్టాటిస్టిక్స్ ఇప్పుడే మొదలుపెట్టండి, నేను ఆలస్యం చేసి ఒక ఏడాది పోగొట్టుకున్నాను. మనుషుల్ని ప్రశ్నలడగాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోవాలి, దానికి నెలలు పడుతుంది.

ముందు మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి. అందులోంచి సైకాలజీని తీసేసినా అది నిలబడితే, ఫిలాసఫీలోనే చేసుకోండి, హాయిగా ఉంటుంది. నిలబడకపోతే ఆ వాక్యం నాకు పంపండి, చదివి చెబుతాను.