సీటు పట్టుకునే మనిషి లేకుండా సైకిలు నేర్చుకోండి

పదో తరగతి పరీక్షలు అయిపోయాయని, వచ్చే నెల నుంచి ట్యూషన్‌కు స్నేహితులంతా సైకిళ్ళ మీదే వెళ్తారని, మీకు మాత్రం ఇంకా తొక్కడం రాదని, గుంటూరులో మీ వీధిలో ఈ వయసులో నేర్చుకుంటే నలుగురూ నవ్వుతారని భయంగా ఉందని రాశారు. నేను సైకిలు నేర్చుకున్నది ఇంటర్ మొదటి సంవత్సరం పూర్తయిన వేసవిలో, అదీ బ్రాడీపేటలో, గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళ మధ్య. మేడ మీద అద్దె వాటాలో ఉండేవాళ్ళం కనుక చిన్నప్పుడు సైకిలు పెట్టుకోవడానికి చోటు లేదు, బడికి రిక్షాలో వెళ్ళేదాన్ని. చాలా ఏళ్ళ తరువాత మా అక్క కూతురికి కూడా, తనకు పధ్నాలుగో ఏడు నడుస్తుండగా, నేనే నేర్పాను. ఆ రెండు అనుభవాల నుంచీ చెబుతున్నాను.

మీరు భయపడుతున్న సిగ్గులో ముప్పాతిక వంతు మనవాళ్ళు సైకిలు నేర్పే పద్ధతిలోనే ఉంది. ఒకరు వెనక నుంచి సీటో క్యారియరో పట్టుకుని పరుగెత్తడం, "తొక్కు, తొక్కు, ముందుకు చూడు" అని వీధంతా వినిపించేలా కేకలు వేయడం, ఉన్నట్టుండి చెప్పకుండా వదిలేయడం, నేర్చుకునేవారు వెళ్ళి ఏ గేటుకో గుద్దుకోవడం. ఆరేళ్ళ పిల్లవాడికి ఇదంతా ఆటగా ఉంటుంది. మీ వయసులో మనిషి ఎత్తు పెరిగి ఉంటారు, బరువు పెరిగి ఉంటారు, పట్టుకున్నవారికి ఆయాసం, పడినవారికి దెబ్బ, చూసేవారికి వినోదం. పైగా సైకిలు నిలబడేలా చూస్తున్నది వెనక పట్టుకున్న చేయి కాబట్టి, మీ శరీరం ఆ కాసేపట్లో నేర్చుకునేది దాదాపు ఏమీ ఉండదు. కాబట్టి నాన్నగారినో అన్నయ్యనో మర్యాదగా ఇంట్లోనే ఉండమనండి. నేను చెప్పబోయే పద్ధతికి పట్టుకునే మనిషి అక్కరలేదు.

ముందుగా సీటును బాగా కిందికి దించండి. కూర్చున్నప్పుడు రెండు పాదాలూ మడమలతో సహా నేలకు ఆనాలి. మీ సైకిలు సీటు అంతగా దిగకపోతే తక్కువ ఎత్తున్న సైకిలును, వీలైతే అడ్డకమ్మీ లేని లేడీస్ సైకిలును, ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. ఆ తరువాత రెండు పెడళ్ళూ తీసేయించండి. షాపులో అయితే ఇది నిమిషాల పని. మీరే విప్పుకోదలిస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి: ఎడమవైపు పెడల్ మర తిరగేసి ఉంటుంది, అందువల్ల గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పితేనే అది వదులవుతుంది. ఈ సంగతి తెలియని వారు ఒళ్ళంతా చెమటలు పట్టేలా దాన్ని ఇంకా బిగించేస్తారు. మా వీధి చివర పంక్చర్లు వేసే తాత నా పెడళ్ళు విప్పి, ఎందుకని ఒక్క మాట కూడా అడగకుండా, కుడిదాని మీద సుద్దతో ఒక గీత గీసి, రెండింటినీ పాత పేపరులో చుట్టి చేతికిచ్చాడు. ఇలా అడిగేవాళ్ళు ఆయనకు కొత్త కాదని అప్పుడే అర్థమైంది.

పెడళ్ళు లేని సైకిలును చిన్నపిల్లల వ్యవహారమని అనుకోకండి. జర్మనీలో కార్ల్ ఫాన్ డ్రైస్ 1817లో నడిపి చూపించిన రెండు చక్రాల బండికి పెడళ్ళే లేవు. కోటూ టోపీ వేసుకున్న పెద్దమనుషులు దాని మీద కూర్చుని, కాళ్ళతో నేలను తన్నుకుంటూ వీధుల్లో తిరిగారు. పెడళ్ళు 1860లలో గానీ వాడుకలోకి రాలేదు. అంటే మనుషులు సైకిలు మీద నిలదొక్కుకోవడం ముందు నేర్చుకుని, తొక్కడం తరువాత నేర్చుకున్నారు. మీరూ అదే వరుసలో వెళ్ళండి.

సీటు మీద కూర్చుని మొదట మామూలుగా నడవండి, తరువాత అంగలు పెంచండి, ఆ తరువాత రెండు కాళ్ళతో ఒకేసారి నేలను వెనక్కి తన్ని పాదాలు కాస్త పైకి ఎత్తండి. సైకిలు వాలినప్పుడు పాదం దించితే చాలు, పడే ప్రశ్న లేదు. ఇక్కడ శరీరం నేర్చుకోవలసిన పని ఒక్కటే: సైకిలు ఎటు వాలుతుందో హ్యాండిల్‌ను అటే కొద్దిగా తిప్పాలి. అరచేతిలో చీపురును నిలువుగా నిలబెట్టినప్పుడు అది వాలిన వైపుకే చేతిని జరుపుతాం కదా, ఇదీ అంతే. కొత్తవారు భయంతో హ్యాండిల్‌ను అవతలి వైపుకు లాగుతారు, అందుకే పడతారు. గిర్రున తిరిగే చక్రాలే సైకిలును నిలబెడతాయని చాలామంది చెబుతారు గానీ, ఆ ప్రభావం పనిచేయకుండా ఎదురు తిరిగే చక్రాలు అమర్చిన ఒక బండిని పరిశోధకులు తయారుచేసి 2011లో ఫలితాలు ప్రకటించారు, ఆ బండి కూడా మనిషి లేకుండానే నిలబడి ముందుకు వెళ్ళింది. కాబట్టి ధ్యాసంతా హ్యాండిల్ మీద పెట్టండి. మరీ నెమ్మదిగా వెళ్తే హ్యాండిల్‌ను ఎక్కువెక్కువగా తిప్పవలసి వస్తుంది, కాస్త వేగం ఉంటే చిన్న కదలికతోనే సరిపోతుంది. భయపడేవారికి ఈ మాట నమ్మబుద్ధి కాదు గానీ, పెడళ్ళు లేని సైకిలు మీద రెండు మూడు తన్నులు గట్టిగా తన్ని చూస్తే మీకే తెలుస్తుంది.

ఇక చోటు సంగతి. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో లైన్లూ అడ్డరోడ్లూ గళ్ళు గీసినట్టు ఉంటాయి, ప్రతి కూడలిలోనూ ఏ పక్క నుంచి ఏ స్కూటరు వస్తుందో కనిపించదు. మొదటి దశకు అవి పనికిరావు. గోరంట్ల, రెడ్డిపాలెం లాంటి శివార్లలో రోడ్లు వేసి, నంబరు రాళ్ళు పాతి, ఇళ్ళు మాత్రం ఇంకా లేని ప్లాట్ల వెంచర్లు కనిపిస్తాయి. నేర్చుకునేవారికి అంతకంటే మంచి చోటు లేదు. మా అక్క కూతురికి నేర్పింది అలాంటి చోటే. వాచ్‌మన్ ఉంటే ముందే ఒక మాట చెప్పండి. అంత దూరం వీలుకాకపోతే సెలవుల్లో ఖాళీగా ఉండే బడి మైదానాన్ని అనుమతి అడిగి వాడుకోండి, అయితే నేల గట్టిగా ఉండాలి, ఇసుక ఉంటే చక్రం కూరుకుపోయి హ్యాండిల్ మన మాట వినదు. ఉదయపు నడకకు జనం వచ్చే మైదానాలు వద్దు. వాళ్ళకు మీరు అడ్డం, మీకు వాళ్ళు అడ్డం.

గుంటూరు మే నెల ఎండ గురించి మీకు చెప్పనక్కరలేదు. సూర్యోదయం ఆరు లోపే అవుతుంది, ఏడున్నర దాటాక మైదానంలో నిలబడటమే కష్టం. వెలుతురు రాగానే వెళ్తే పని చల్లగా జరుగుతుంది, చూసేవారూ తక్కువ. ఒక్క ఇబ్బంది కుక్కలు. వెంటపడితే వేగం పెంచకండి, దిగి సైకిలును మీకూ కుక్కకూ మధ్య ఉంచుకుని నడవండి, చాలావరకు అక్కడితో ఊరుకుంటాయి. ఆడపిల్లలైతే చున్నీని నడుముకు కట్టుకుని పిన్ను పెట్టుకోవాలి, వెనక చక్రంలో పడితే మెడకు బిగుస్తుంది. వదులు ప్యాంటు వేసుకుంటే చెయిన్ వైపు అంచును మడిచి రబ్బరు బ్యాండు వేయండి.

నవ్వేవారి గురించి కూడా చెప్పాలి. పెద్దవాళ్ళెవరూ నా వైపు రెండోసారి చూడలేదు. నవ్వింది మా వీధిలోని చిన్నపిల్లలే, వాళ్ళకు అప్పటికే అన్నీ వచ్చు. వాళ్ళ మీద కోపం తెచ్చుకోకుండా "అయితే నువ్వు చెప్పరా, ఎలా తొక్కాలి" అని అడిగాను. నవ్వు ఆగిపోయింది, పాఠం మొదలైంది. మూడో తరగతి చదివే ఒకడు, "అక్కా, చక్రాన్ని చూడకు, కిందికి చూస్తే కిందే పడతావు" అన్నాడు. నాకు దొరికిన అత్యుత్తమ సలహా అదే, ఇప్పటికీ నేర్పేటప్పుడు అదే చెబుతాను. స్నేహితుల విషయంలో వాళ్ళు కనిపెట్టేదాకా దాచకండి, "నేర్చుకుంటున్నాను, వచ్చే నెలకు వస్తుంది" అని ముందే అనేయండి. తెలిసిపోయిన విషయం మీద ఎగతాళి ఎంతోసేపు సాగదు.

పాదాలు ఎత్తి మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళగలిగి, కావలసిన చోట బ్రేకు వేసి ఆగగలిగినప్పుడు పెడళ్ళు పెట్టించండి. ఏ బ్రేకు ఏ చక్రానిదో ముందే చూసుకోండి, ముందు చక్రం బ్రేకును ఒక్కసారిగా నొక్కకండి. బయలుదేరేటప్పుడు ఒక పెడల్‌ను ముందువైపు పైకి తెచ్చి పెట్టుకుని, ఆ పాదంతో గట్టిగా నొక్కితే మొదటి ఊపులోనే నిలదొక్కుకునేంత వేగం వస్తుంది. రెండో పాదం తన పెడల్‌ను దానంతట అదే వెతుక్కుంటుంది, మీరు వంగి చూడకండి.

అప్పుడు బ్రాడీపేట గళ్ళే ఉపయోగపడతాయి. మనం రోడ్డుకు ఎడమవైపు నడుస్తాం కనుక, ఒక లైనులో బయలుదేరి వచ్చిన ప్రతి అడ్డరోడ్డు దగ్గరా ఎడమకే తిరిగితే, ఎదురుగా వచ్చే బండ్లకు అడ్డం వెళ్ళకుండానే తిరిగి మొదటి చోటికి వస్తారు. ప్రతి మలుపుకు ముందు బెల్లు కొట్టి వేగం తగ్గించండి. ఈ చుట్టు బాగా అలవాటయ్యాకే కుడి మలుపులు మొదలుపెట్టండి, లాడ్జి సెంటర్ లాంటి కూడళ్ళ దగ్గర ఇంకా చాలాకాలం దిగి నడిపించుకుంటూ దాటండి. ధనుర్మాసంలో అయితే ముగ్గుల మీదుగా పోకండి, ఆ తిట్లకు ఏ సాధనా పనికిరాదు.

చివరగా, నేర్చుకునేందుకు దించిన సీటును అలాగే వదిలేయకండి, మోకాళ్ళు నొప్పి పెడతాయి. ధైర్యం వచ్చిన కొద్దీ వేలెడు చొప్పున పెంచుకుంటూ, కింది పెడల్ మీద పాదం ఉన్నప్పుడు కాలు దాదాపు చాచినట్టు ఉండే ఎత్తు దగ్గర ఆపండి. ట్యూషన్ మొదలయ్యే ముందు షాపుకు తీసుకువెళ్ళి పెడళ్ళ బిగింపు, బ్రేకు రబ్బర్లు, చెయిన్ వదులు చూపించుకోండి, తాళం కూడా అక్కడే కొనుక్కోండి.