నరాల టెస్టు నార్మల్ వచ్చినా అరికాళ్ల మంటలు ఆగకపోతే

మా నాన్నగారికి అరికాళ్లు మండుతున్నాయి, నరాల టెస్టు నార్మల్, కారణం తేలలేదు, మరి మందు దేనికి అని ఒకరు అడిగారు. విశాఖలో న్యూరాలజీ ఓపీలో పనిచేస్తాను, ఈ మాట రోజూ వింటాం. కారణం తేలేదాకా ఆయన్ని నొప్పితో ఉంచక్కర్లేదు. కాకపోతే వరుస తప్పకూడదు.

నార్మల్ వచ్చింది నెర్వ్ కండక్షన్ టెస్టు అయితే, అది లావు నరాలనే కొలుస్తుంది. మంట, సూదిపోట్లు పుట్టే సన్న నరాలు దానికి అందవు. రిపోర్టు బాగుందంటే నొప్పి అబద్ధమని కాదు.

ముందు రక్తం ఇవ్వండి: హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు), 75 గ్రాముల గ్లూకోజు తాగాక 2 గంటల షుగరు, బి12, థైరాయిడ్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష). చాలామందికి ఇక్కడే తేడా కొడుతుంది. షాపులో నరాల బిళ్లలంటూ మిథైల్‌కోబాలమిన్ (ఇదీ బి12 విటమినే) తెచ్చి నెలంతా మింగి, ఆ తర్వాత బి12 చేయిస్తారు. అంకె బాగానే కనిపిస్తుంది, అసలు లోపం దాగిపోతుంది. ఏళ్ల తరబడి షుగరుకి మెట్‌ఫార్మిన్ బిళ్ల వాడేవాళ్లకి, దానివల్ల బి12 తగ్గొచ్చు కాబట్టి, ఇది మరీ ముఖ్యం. బి6 ఎక్కువ మోతాదులో నెలలపాటు వాడినా తిమ్మిర్లు వస్తాయి, కాబట్టి స్ట్రిప్పు వెనక చదవండి. ఒంటిమీద స్పర్శ లేని మచ్చలుంటే కుష్ఠు పరీక్ష తప్పదు.

మందు సంగతి. రాత్రి అమిట్రిప్టిలిన్ 10 మి.గ్రా., లేదా ప్రెగాబాలిన్ 75, లేదా డ్యులోక్సెటిన్ 30తో మొదలుపెట్టడం మామూలు. పెద్దవయసువాళ్లకి ఇంకా తక్కువతో. మొదట వీటిలో ఒక్కటే. రెండు కలిపి మొదలెడితే ఏది పనిచేసిందో, ఏది మత్తు తెచ్చిందో తెలీదు. గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు), ప్రోస్టేట్ సమస్య, గుండె జబ్బు ఉంటే అమిట్రిప్టిలిన్‌కి ముందే డాక్టర్‌కి చెప్పాలి. క్రియాటినిన్ ఎక్కువుంటే ప్రెగాబాలిన్ తగ్గించాలి. డ్యులోక్సెటిన్‌కి వికారం వస్తుంది, తిన్నాక వేసుకోవాలి. నాలుగు రోజులకే తగ్గలేదని వదిలేయొద్దు: మోతాదు మెల్లగా పెంచి, సరిపడా స్థాయికి వచ్చాక మూడు నాలుగు వారాలు చూడాలి. రోజూ నొప్పికి పదికి ఎంతో రాసుకోండి. 8 నుంచి 4కి దిగితే మందు బాగా పనిచేసినట్టే, సున్నా కోసం చూడొద్దు. స్టీల్‌ప్లాంట్ నైట్ షిఫ్టువాళ్లు మత్తు తెచ్చే ఈ బిళ్ల ఉదయం పడుకునే ముందు వేసుకునేలా డాక్టర్‌తో మాట్లాడాలి. ఏ మందైనా ఉన్నట్టుండి మానొద్దు, ప్రెగాబాలిన్ కనీసం వారం పాటు తగ్గించుకుంటూ రావాలి.

డైక్లోఫెనాక్ లాంటి మామూలు నొప్పి బిళ్ల ఈ నొప్పిని పెద్దగా తగ్గించదు, రోజూ వాడితే కిడ్నీలు పాడయ్యే ప్రమాదం ఉంది. స్పర్శ తగ్గిన పాదాలతో మధ్యాహ్నం బీచ్ ఇసుకలో నడవనివ్వకండి, కాలినా తెలీదు.

కాళ్లలో బలం తగ్గుతున్నా, మూత్రం ఆగినా, తొడల మధ్య మొద్దుబారినా ఓపీ కోసం ఆగొద్దు, అదే రోజు కేజీహెచ్ (విశాఖ కింగ్ జార్జ్ హాస్పిటల్) క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.