బండి సర్వీసు ఇంట్లో చేసుకుంటే మిగిలేదెంత?

ప్రశ్న: ఏలూరులో ఒక మందుల ఏజెన్సీలో కలెక్షన్ పని చేస్తాను. జీతం 24 వేలు. 2019 నవంబరులో కొన్న స్ప్లెండర్ ప్లస్ ఉంది, 70 వేల కిలోమీటర్లు దాటింది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతాను. మూడు నెలలకోసారి షోరూములో సర్వీసు చేయిస్తే ప్రతిసారీ 1,780 రూపాయల దాకా బిల్లు వస్తోంది. బండికి కొన్నప్పుడే ఐదేళ్ల ఇన్సూరెన్స్ కట్టేశాను కాబట్టి వేరే ఖర్చు లేదు. సర్వీసు నేనే చేసుకుని, మిగిలిన డబ్బు సిప్‌లో (మ్యూచువల్ ఫండులో నెలనెలా కట్టే వాయిదా) వేయవచ్చా? (ఒక పాఠకుడు)

జవాబు: చేసుకోవచ్చు. అయితే పానా కొనేముందు, మీరు జత చేసిన బిల్లును ఒకసారి నాతోపాటు చదవండి. ఇంజిన్ ఆయిల్ 420, లేబరు 400, దాని మీద 18 శాతం జీఎస్టీ 72, వాటర్ వాష్ 120, చైన్ క్లీనింగ్ 130, చిల్లర సామగ్రి 68. ఇవి మొత్తం 1,210. మిగిలిన 570లో ఆయిల్‌లో కలిపే అడిటివ్ 190, పాలిష్ 150, స్పార్క్ ప్లగ్గూ ఎయిర్ ఫిల్టరూ కలిపి 230.

అడిటివ్, పాలిష్ మీ బండికి అవసరం లేదు. సరైన గ్రేడు ఆయిల్‌లో ఉండాల్సిన రసాయనాలన్నీ కలిపే అమ్ముతారు. ప్లగ్గు, ఫిల్టరు మూడు వేల కిలోమీటర్లకే మార్చాల్సినవి కావు, మీ తిరుగుడుకు ఏడాదికోసారి చాలు. జాబ్ కార్డు (చేయాల్సిన పనుల చీటీ) మీద సంతకం పెట్టేముందు అడిటివ్, పాలిష్ ప్రతిసారీ, ప్లగ్గూ ఫిల్టరూ నాలుగింట మూడుసార్లు వద్దని రాయించండి. ఏడాదికి 2,050 రూపాయలు చెయ్యి మురికి కాకుండానే మిగులుతాయి. ఇంట్లో సర్వీసు చేసుకోవడం వల్ల వచ్చే లాభం దీని తర్వాతి లెక్క.

నాలుగు సర్వీసుల్లో మూడు ఇంట్లో చేస్తే ఒక్కోదానికి ఆయిల్ 420, చైన్‌కు వాడే గేర్ ఆయిల్, డీజిలు, వేస్టు గుడ్డలకు ఇంకో 80 అవుతుంది. అంటే సర్వీసుకు 710 చొప్పున మూడింటికి 2,130 మిగులు. నాలుగోది మాత్రం షోరూములోనో, నమ్మకమైన మెకానిక్ దగ్గరో చేయించండి. ఆయిల్ జాలి, సెంట్రిఫ్యూగల్ ఫిల్టరు (గిర్రున తిరుగుతూ ఆయిల్లోని మడ్డిని వేరుచేసేది) శుభ్రం చేయడం, వాల్వుల గ్యాపు చూడటం అనుభవం ఉన్న చెయ్యి చేయాల్సిన పనులు. మీ బండిలో తీసి మార్చే కాగితపు ఆయిల్ ఫిల్టరు ఉండదు కాబట్టి ఈ శుభ్రం ఎగ్గొట్టకూడదు. ఆ పనికి అదనంగా 400 వేసుకుందాం. అన్నీ పోను ఏడాదికి 3,780 రూపాయలు మిగులుతాయి, నెలకు 315. మొదటి ఏడాది రింగు పానాలు, ప్లగ్ పానా, సన్నని గ్యాపు కొలిచే ఫీలర్ గేజి, గాలి కొలిచే గేజి, ట్రే, గరాటు కలిపి ఒక 1,500 పోతాయి.

ఇక ఆయిల్ సంగతి. సీసా మీద 10డబ్ల్యూ-30 (ఆయిల్ చిక్కదనం గ్రేడు), జేఏఎస్ఓ ఎంఏ (బండ్ల ఆయిల్‌కు జపాన్ ప్రమాణం) అని ఉందో లేదో చూడండి. ఎంబీ అని ఉంటే అది స్కూటర్లకు. మీ బండిలో క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి కాబట్టి ఎంబీ పోసినా, కారు ఆయిల్ పోసినా క్లచ్ జారుతుంది. అప్పుడు ఆయిల్ దగ్గర ఆదా చూసుకుని క్లచ్ ప్లేట్ల ఖర్చు నెత్తిన పెట్టుకున్నట్టే. నకిలీ సరుకు ఎక్కువ కాబట్టి షోరూము స్పేర్ పార్ట్స్ కౌంటరులోనో పెట్రోలు బంకులోనో కొనండి.

బండిని సమమైన నేల మీద సెంటర్ స్టాండు వేసి, ఇంజిన్ రెండు మూడు నిమిషాలు నడిపి ఆపండి. గోరువెచ్చటి ఆయిల్ మడ్డితో సహా దిగుతుంది, మరీ కాలినది చేతిని కాలుస్తుంది. పైన ఆయిల్ గేజి మూత వదులు చేసి, కింద ట్రే పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పండి. పది నిమిషాలు ఆగండి. కొత్తవాళ్లు ఎక్కువగా నష్టపోయేది బోల్టు తిరిగి బిగించే దగ్గరే. బోల్టు ఇనుము, ఇంజిన్ కేసు అల్యూమినియం. బోల్టు వంకరగా ఎక్కినా, బలమంతా పెట్టి బిగించినా మర పోయేది కేసుదే. దాన్ని మళ్లీ మర కోయించి సరిచేయించే ఖర్చుకు ఒక సర్వీసు మిగులు ఎగిరిపోతుంది. అందుకే వాషరు కొత్తది వేసి, బోల్టును ముందు మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే తిప్పండి. వేళ్లకు అడ్డం పడితే వెనక్కి విప్పి మళ్లీ పెట్టండి. ఆఖరున పొట్టి పానాతో, ఒక చేత్తో, వాషరు నొక్కుకునే దాకా బిగిస్తే చాలు.

ఆయిల్ మాన్యువల్లో రాసిన కొలతకు వంద మిల్లీలీటర్లు తక్కువ పోసి, మూడు నిమిషాలు ఇంజిన్ నడిపి, ఆపి, ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగి గేజితో చూడండి. గేజిని మర తిప్పకుండా ఊరికే దింపి చూడాలి. రెండు గీతల మధ్య వచ్చే దాకా కొద్దికొద్దిగా కలపండి. సీసాలో మిగిలిందని మొత్తం ఒంపేస్తే నురగ వచ్చి, ఆయిల్ ఎయిర్ ఫిల్టరు వైపు తన్నుతుంది. పాత ఆయిల్ కాలవలో పోయకండి. మెకానిక్ షెడ్డులో డ్రమ్ము ఉంటుంది, అక్కడ ఇచ్చేయండి.

చైన్‌ను కవరుకున్న రబ్బరు మూత తీసి వేలితో పైకీ కిందికీ ఆడించి చూడండి. చక్రం తిప్పుతూ, బాగా బిగుతుగా ఉన్న చోట 20-30 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. మరీ బిగిస్తే బేరింగులు పోతాయి. బిగించేటప్పుడు రెండు వైపులా గుర్తులు సమానంగా రావాలి. చక్రం వెనక్కి జరిగితే వెనక బ్రేకు కూడా బిగుసుకుంటుంది కాబట్టి, పెడల్ ఆట మళ్లీ సరిచేశాకే రోడ్డెక్కండి. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు డ్రమ్ము మీది బాణం గుర్తు హద్దు గీతను అందుకుంటే బ్రేకు షూలు అరిగినట్టే. షూల మార్పిడి మెకానిక్‌కే వదిలేయండి. మీ ప్రాణం నిలిచేది ఆ పని మీదే, అక్కడ నాకు పొదుపు అక్కరలేదు.

ఇక సిప్. ఈ 315 సిప్‌లో వద్దంటాను. 70 వేలు దాటిన బండి ఒకటి రెండేళ్లలో చైన్ స్ప్రాకెట్ సెట్టు, టైరు, బ్యాటరీ అడగడం ఖాయం. ఆ రోజు డబ్బు లేకపోతే అప్పు చేస్తారు, లేదా సిప్ మధ్యలో తీస్తారు. బ్యాంకులో నెలకు 300తో ఏడాది ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) పెట్టి, దానికి బండి ఖాతా అని పేరు పెట్టుకోండి. పోస్టాఫీసు ఆర్‌డీ ఐదేళ్లది, మూడేళ్లు నిండకుండా మూసేయడం కుదరదు కాబట్టి ఈ అవసరానికి సరిపడదు. సిప్ జీతంలోంచి వేరుగా మొదలుపెట్టండి.

చివరిగా, మీరు ఖర్చు లేదనుకున్న విషయమే నన్ను కంగారుపెట్టింది. 2019 నవంబరులో కట్టిన ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మీ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా) 2024 నవంబరుతో అయిపోయింది. ఆ తర్వాత కట్టకపోతే మీరు ఇన్సూరెన్స్ లేకుండానే రోజూ తిరుగుతున్నారు. పట్టుబడితే మొదటిసారి 2,000 జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. అంతకంటే పెద్దది, మీ బండి తగిలి ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారం మీ జేబులోంచే కట్టాలి. 75 నుంచి 150 సీసీ బండికి 2022లో ఖరారు చేసిన థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 714, జీఎస్టీ అదనం. యజమానికి 15 లక్షల ప్రమాద బీమా కూడా కలిపి తీసుకోండి. మొదటి కొన్ని నెలల మిగులు అంతా దీనికే పోయినా సరే, పానాలు వచ్చే నెల కొనుక్కోండి. ఈ రోజు పాలసీ కాగితం బయటికి తీసి తేదీ చూడండి.