హెడ్‌సెట్ డబ్బు అప్పుడే తీయొద్దు నాయనా

నాయనా,

నీ మెసేజ్ రాత్రే చూశాను. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని పొద్దున్నే కాఫీ తాగి కూర్చుని రాస్తున్నా. చీటీ పాడిన యాభై వేలు చేతికొచ్చాయి, దాంతో వీఆర్ హెడ్‌సెట్ (కళ్లకు కట్టుకుంటే కంప్యూటర్ లోకంలో ఉన్నట్టు చూపించేది) కొననా, సాఫ్ట్‌వేర్ మీద పెట్టనా అన్నావు. చంద్రగిరి రాజమహల్‌ని కంప్యూటర్లో కట్టి, అక్కడికి రాలేని ముసలివాళ్లని లోపల తిప్పాలన్న నీ ఆలోచన నాకు బాగా నచ్చింది. నేను చెప్పేది ఇంతే: ముందు సాఫ్ట్‌వేర్ పట్టుకో, హెడ్‌సెట్ తర్వాత. అయితే తర్వాత అంటే పనంతా అయ్యాక అనుకునేవు, అట్లా కాదు. ఒక్క గది తయారై, నువ్వు అందులో అటూ ఇటూ తిరిగే రోజు వచ్చిందా, ఆ రోజు కొను.

ఎందుకంటే నేను తిరగేసి చేసి దెబ్బ తిన్నా. 2017లో ఫోన్ లోపల పెట్టి కళ్లకు కట్టుకునే హెడ్‌సెట్ ఒకటి మోజుపడి తెప్పించాను, దాని కోసమే కొత్త ఫోన్ కూడా కొన్నాను (మీ చిన్నమ్మ ఇప్పటికీ ఆ లెక్క అడుగుతుంది). రెండు మూడేళ్లు తిరక్కుండానే ఆ కంపెనీ ఆ పనే మానుకుంది, యాప్‌లు ఒక్కొక్కటే పోయాయి, ఇప్పుడది అటక మీద పాత మిక్సీ పక్కన పడి ఉంది. అప్పుడే నేర్చుకున్న బ్లెండర్, అదే త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్, మాత్రం ఇవాళ్టికీ అన్నం పెడుతోంది.

సాఫ్ట్‌వేర్‌కి నీ డబ్బు పెద్దగా అక్కర్లేదు. బ్లెండర్ ఉచితం. చేసిన బొమ్మల్లో తిరిగేట్టు చేసే గేమ్ ఇంజిన్లలో గోడో ఉచితం, యూనిటీ కూడా సంపాదన ఏడాదికి 2 లక్షల డాలర్లు దాటేదాకా ఉచితం. అన్‌రియల్ అనే ఇంకో ఇంజిన్ అయితే ఒక ప్రాజెక్టు మీద 10 లక్షల డాలర్లు దాటాకే వాటా అడుగుతుంది, ఆ దిగులు మనకెందుకు. అన్‌రియల్ వీడియోలు చూసి మనసు పారేసుకుంటావు, నాకు తెలుసు, కానీ అందులో మెరిసిపోయే వెలుగునీడలు బలమైన కంప్యూటర్ మీద వచ్చేవి, తలకు పెట్టుకునే హెడ్‌సెట్‌లో ఉండేది దాదాపు ఫోన్ చిప్పే, అది మోయలేదు. నువ్వు యూనిటీతో మొదలుపెట్టు, పాఠాలు, నమూనాలు దానికే ఎక్కువ. 2023లో వాళ్లు ఇన్‌స్టాల్‌కి ఇంత అని రుసుము పెడతామని చెప్పి జనం గోల పెడితే ఏడాది తర్వాత రద్దు చేసుకున్నారు, అది చూశాకే నేను గోడో కూడా పక్కన పెట్టుకున్నా.

ఏది పట్టుకున్నా ఓపెన్ఎక్స్ఆర్ పద్ధతిలోనే చెయ్యి. రకరకాల కంపెనీల హెడ్‌సెట్లన్నిటికీ ఒకే తీరున ప్రోగ్రాం రాసుకునేందుకు 2019లో వచ్చిన ఉమ్మడి ప్రమాణం అది, దాని మీద రాసుకుంటే రేపు హెడ్‌సెట్ మారినా పని మొత్తం మళ్లీ చేయనక్కర్లేదు.

యూనిటీలో సిమ్యులేటర్ ఉంటుంది, కీబోర్డు, మౌస్‌తోనే తల తిప్పినట్టు, చెయ్యి చాచినట్టు చేసి చూసుకోవచ్చు. రెండు నెలలు దాంతో గడుస్తుంది. కానీ కళ్లు తిరగడం అనేది సిమ్యులేటర్ చెప్పదు! నేను ఒక మేడమెట్లు చేశాను, తెర మీద చూస్తే అద్భుతం. చిన్నమ్మకు హెడ్‌సెట్ పెట్టి మెట్లు ఎక్కించాను, దృశ్యం దానంతటదే ముందుకు జరిగింది, పాపం కుర్చీ గట్టిగా పట్టుకుంది, ఆ రాత్రి అన్నం తినలేదు. కళ్లేమో నడుస్తున్నా అంటాయి, లోపలి చెవి కూర్చునే ఉన్నా అంటుంది, ఆ తగువు కడుపులో తేలుతుంది. ముసలివాళ్లకు చూపిస్తానంటున్నావు కాబట్టి నడిపించొద్దు, వేలితో చూపిన చోటికి ఒక్కసారిగా చేరేట్టు పెట్టు. ఇంకోటి, సెకనుకి కనీసం 72 బొమ్మలు రావాలి, అంటే ఒక్కో బొమ్మకు 14 మిల్లీసెకన్ల లోపే టైం. ఫోటోలతో రాజమహల్‌ని స్కాన్ చేస్తే లక్షల త్రిభుజాలు వస్తాయి (కంప్యూటర్ ఏ ఆకారాన్నైనా చిన్న చిన్న త్రిభుజాలతోనే కడుతుంది), అట్లాగే దించితే హెడ్‌సెట్ ఆయాసపడుతుంది. దానికి బదులు ఒక కమాను శుభ్రంగా చేసుకుని, దాన్నే వరసగా పేర్చు. ఆ కట్టడానికి అదే అందం కదా, కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో లేపిన కమానులే అన్నీ.

ఇక కొనే రోజు వచ్చినప్పుడు కంప్యూటర్‌కి తగిలించే రకం వద్దు, నీ ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు లేదు. యాపిల్‌ది 3,499 డాలర్లు, దాని ఊసే ఎత్తకు. కంప్యూటర్ లేకుండా విడిగా నడిచే వాటిలో మెటా కంపెనీ క్వెస్ట్ 3ఎస్ చాలు. క్వెస్ట్ 3లో ఉన్న చిప్పే ఇందులోనూ ఉంది, లెన్సులు, తెర కాస్త తక్కువ రకం, 2024లో 299 డాలర్లకు వచ్చింది. అయితే నీకు కళ్లద్దాలు ఉన్నాయి, కొనేముందు ఎవరిదైనా అడిగి తలకు పెట్టి చూడు, మీ కాలేజీ ల్యాబ్‌లో ఉందేమో కనుక్కో. అమెరికా నుంచి ఎవరైనా తెస్తామంటే వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే అడుగు. సెకండ్ హ్యాండ్‌ది అయితే లెన్స్ గీతలు చూడు, పాత ఓనరు ఖాతా తీసేశాడా చూడు. ముఖానికి ఆనే తొడుగు బట్టది కాకుండా సిలికాన్‌ది వేయించు, మన ఎండలకు పదిమంది పెట్టుకుంటే చెమట వాసన భరించలేం. ముఖ్యంగా కిటికీ దగ్గర మాత్రం పెట్టకు. లెన్స్ మీద ఎండ పడితే భూతద్దం కింద కాగితం కాలినట్టు లోపలి తెర కాలిపోతుంది. ఒకసారి నాది అట్లాగే అయింది, మధ్యలో పసుపు మచ్చ, ఇక పోలేదు.

ఇప్పటికి ఆ యాభై వేలలో ల్యాప్‌టాప్ ర్యామ్ 8 నుంచి 16 జీబీ చేయించు, మిగతాది బ్యాంకులో వేసి మర్చిపో. ఆదివారం చిత్తూరు నుంచి వచ్చే బస్సు చంద్రగిరిలో దిగు, నేను తిరుపతి నుంచి బండి మీద వచ్చేస్తా, ఎండ ఎక్కకముందే కమానులు కొలుచుకుని ఫోటోలు తీసుకుందాం. టేపు నేను తెస్తాలే.

మీ చిన్నాయన