తిత్లీ పడగొట్టిన పనస, తొందరపెట్టే అప్పు

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. వయసు 34. పలాసలో ప్రైవేటు ఉద్యోగం, నెలకు 26 వేలు చేతికి వస్తాయి. నాన్న వడ్రంగి. 2018లో తిత్లీ తుపానుకు మా తోటలో కూలిన పనస, మామిడి దుంగలను ఆయన పలకలు కోయించి కొట్టంలో పేర్చారు. వాటితో సెలవుల్లో యుకులేలేలు (గిటారు లాంటి నాలుగు తీగల చిన్న వాద్యాలు) చేస్తున్నాను. ఒక్కోదానికి 60 గంటలు పడుతుంది. 14 నెలల్లో 11 అమ్మాను, ఒక్కొక్కటి 14 వేలకు. ఉద్యోగం మానేసి, భార్య బంగారం మీద 4 లక్షలు తెచ్చి యంత్రాలు కొనాలని ఉంది. కొనవచ్చా?

జవాబు: ముందు మీ నాన్నగారికి నమస్కారం. కూలిన చెట్టును వచ్చిన ధరకు అమ్మేసి గండం గట్టెక్కుదామనిపించే రోజుల్లో ఆయన దుంగలను పలకలు చేసి దాచారు. గాలికి ఆరడానికి అంగుళం మందానికి ఏడాది అని కలప పనివారు ఉజ్జాయింపుగా లెక్క వేస్తారు. మీ పలకలు ఆ లెక్కను ఎప్పుడో దాటేశాయి. ఈ పనిలో మీ అసలు పెట్టుబడి అదే. దాని మీదకు ఏడాదిలో తీర్చాల్సిన బంగారం అప్పును తేవద్దు.

ఎందుకో లెక్క చూద్దాం. తీగలు, బిరడాలు, మెట్లు, పాలిష్‌కు 3,500, పెట్టె, కొరియర్‌కు 1,500 పోతాయనుకుందాం. 14 వేలలో మీకు మిగిలేది 9 వేలు. అంటే గంటకు 150. ఉద్యోగం మానేసినా ఫోన్లు, ఫొటోలు, మరమ్మతులు పోను నెలకు 150 గంటలకు మించి బల్ల దగ్గర కూర్చోలేరు. రెండున్నర యుకులేలేలు, 22,500 రూపాయలు. ఇప్పటి జీతం కంటే తక్కువ, అదీ ఏడాదికి 30 మంది కొనేవారు దొరికితే. 10 శాతం వడ్డీ అనుకున్నా బంగారం మీద ఏడాదికి 40 వేలు వడ్డీయే అవుతుంది, ఆపైన అసలు నిలబడి ఉంటుంది. గడువు దాటితే వేలానికి వెళ్లేది మీ భార్య నగలు.

యంత్రాల కంటే ముందు మార్చాల్సింది ధర. మీరు కలపకు సున్నా వేశారు, ఇంట్లో ఉంది కదా అని. ఆ పలకలు అయిపోయిన రోజున కొత్తవి డబ్బు పెట్టే కొనాలి. కాబట్టి ఒక్కో వాద్యానికి కలప కింద 1,500, పనిముట్ల అరుగుదలకు, తిరిగి వచ్చే మరమ్మతులకు మరో వెయ్యి వేయండి. మీ గంటకు 250 కట్టండి. ఖర్చులు 5 వేలు కలిపితే 22,500 అవుతుంది. తరవాతి ఆర్డరు నుంచి ఆ 22,500 చెప్పండి. కొందరు వెనక్కి తగ్గుతారు, తగ్గనివ్వండి. హవాయిలో కోవా కలపతో చేసేవారు ఆ చెట్టు పేరు చెప్పే అమ్ముతారు. మీకు పనస ఉంది. బొబ్బిలి వీణ చేసేదీ పనసతోనే. కొత్తలో పసుపుగా ఉండి ఏళ్లు గడిచేకొద్దీ ముదురు గోధుమ రంగుకు తిరిగే చేవ అది. యుకులేలేను పుట్టించిన వారి సంగతి కూడా మీకు నచ్చుతుంది: 1879లో పోర్చుగల్‌కు చెందిన మదీరా ద్వీపం నుంచి ఓడలో హొనొలులు చేరిన ముగ్గురు వడ్రంగులు తొలి యుకులేలేలు చేశారు.

ఆర్డరుకు సగం బయానా తీసుకోండి. దాన్ని వేరే ఖాతాలో వేసి, ఆ వాద్యం సామానుకు తప్ప ముట్టవద్దు. వాద్యం కొన్నవారి చేతికి చేరేదాకా అది మీ ఆదాయం కాదు. ఇంటి ఖర్చులకు బయానాలు వాడుకోవడం మొదలైతే పాత ఆర్డరు పూర్తి చేయడానికి కొత్త ఆర్డరు కోసం ఎదురుచూడాల్సి వస్తుంది.

యంత్రాలకు డబ్బు కావాలంటే పీఎం విశ్వకర్మ పథకాన్ని చూడండి. అందులోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. మీరు ఉద్యోగంలో ఉన్నారు కాబట్టి వృత్తిలో ఉన్న మీ నాన్నగారే దరఖాస్తు చేయాలి, అప్పు ఆయన కొట్టానికే వాడాలి. శిక్షణ రోజుల్లో రోజుకు 500, పనిముట్లకు 15 వేలు, ఆపైన తాకట్టు లేకుండా మొదటి విడతగా లక్ష వరకు, 5 శాతం వడ్డీకి, 18 నెలల గడువుతో ఇస్తారు. లక్ష తీసుకుంటే నెలకు సుమారు 5,800 కట్టాలి. కొత్త ధరకు, ఇప్పుడు అమ్ముతున్న వేగంతోనే, మీకు నెలకు దాదాపు 12 వేలు మిగులుతాయి. ఉద్యోగం వదలకుండానే వాయిదా కట్టగలరు. ఒక జాగ్రత్త: నాన్నగారి పేరుతో ముద్ర రుణం ఉంటే అది పూర్తిగా తీరేదాకా ఇది రాదు.

ఆ డబ్బుతో మొదట కొనాల్సింది రంపం కాదు, గాలిలో తేమను పీల్చే యంత్రం, దాన్ని కొలిచే మీటరు. ఉద్దానం సముద్రపు గాలిలో అతికించిన రెండు మిల్లీమీటర్ల పలక, పొడి ఊరికి వెళ్లగానే ముడుచుకుని పగులుతుంది. ఒక గదిని మూసి తేమ 45 నుంచి 50 శాతం మధ్య ఉంచి, అతుకు పని అక్కడే చేయండి. పగిలి తిరిగి వచ్చిన ఒక్క వాద్యం రెండు వాద్యాల లాభం తినేస్తుంది.

ఎర్రచందనం అడిగేవారు ఉంటారు. ఆ జోలికి వెళ్లవద్దు. రోజ్‌వుడ్ మీద కూడా అంతర్జాతీయ నియమాలున్నాయి. విదేశాలకు పంపాలంటే ఎగుమతి కోడు, జీఎస్టీ నమోదు ముందే చేయించుకోండి.

ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా తప్పక తీసుకోండి. కానీ అది మరణానికి, కన్ను, చెయ్యి, కాలు పోయినప్పటికే. రంపం కింద వేలు తెగితే రాదు. అందుకే వేళ్లకూ వర్తించే వ్యక్తిగత ప్రమాద బీమా విడిగా తీసుకోండి.

ఇక ఉద్యోగం. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండి, కొత్త ధరకు ఆరు నెలల పని బయానాలతో సహా చేతిలో ఉన్నప్పుడు మానేయండి. ఈలోగా కొట్టంలోని పలకలు లెక్కపెట్టి, ఒక్కోదాని చివర సుద్దతో మందం, కోసిన ఏడాది రాయండి. వాటితో ఎన్ని యుకులేలేలు వస్తాయో తెలిస్తే, ఈ వేసవిలో ఎంత పనస కొని ఆరబెట్టాలో తేలుతుంది. ఆ లెక్క నాకు పంపండి, ఉద్యోగం ఎప్పుడు మానవచ్చో నెలతో సహా చెబుతాను.